మంచును కాగితానికి వదిలేయకండి

తపాలా బిళ్ళల ఎంపిక సంఘాల సభ్యులకు, డిజైనర్లకు, అచ్చువేసే ముద్రణాలయాల వారికి నమస్కారం.

చలికాలపు ప్రకృతి దృశ్యాల ఫోటోగ్రఫీకి గుర్తుగా స్టాంపు తేవాలన్న ఆలోచన మాకు నచ్చింది. మంచు కొండలూ గడ్డకట్టిన సరస్సులూ స్టాంపుల మీదికి ఎక్కడం కొత్తేమీ కాదు. అవి స్టాంపు మీద కూడా ఫోటోలుగా నిలబడటమే అరుదు. పెద్ద తెర మీద చూసి అందరూ మెచ్చుకున్న చిత్రం అచ్చయి వచ్చేసరికి తెల్లకాగితం మీద నాలుగు నల్లగీతలుగా మిగులుతుంది. అప్పుడు అందరూ ప్రెస్సును తప్పుపడతారు. నిజానికి చాలాసార్లు నష్టం అంతకు ముందే జరిగిపోయి ఉంటుంది: కొంత ఫోటోను ఎంచుకున్నప్పుడు, కొంత దాన్ని అచ్చుకు సిద్ధం చేసినప్పుడు. మంచు దృశ్యాలు తీసేవాళ్లం, వాటిని అచ్చుకు తయారుచేసేవాళ్లం, స్టాంపులను భూతద్దం కింద పెట్టి చూసేవాళ్లం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. ముఖ్యంగా అడిగేవి రెండే. ఫోటోను స్టాంపు కొలతలోనే చూసి ఎంచండి. మంచును ఖాళీ కాగితంగా వదలకండి, సిరాతో అచ్చువేయండి.

ముందు కొలతల సంగతి. 24 మెగాపిక్సెళ్ల కెమెరా ఇచ్చే చిత్రంలో 6000 × 4000 పిక్సెళ్లు ఉంటాయి. 40 × 30 మి.మీ. స్టాంపులో, అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన, పట్టేవి 472 × 354. మొత్తం కలిపి 1,67,000 పిక్సెళ్లు, అంటే కెమెరా ఇచ్చినదాంట్లో సుమారు 140వ వంతు. పైగా కెమెరా చట్రం నిష్పత్తి 3:2, ఈ స్టాంపుది 4:3. కాబట్టి కుదించకముందే వెడల్పులో తొమ్మిదో వంతు కత్తిరింపులో పోతుంది. మిగిలిన 5333 పిక్సెళ్లు 472లో ఇమడాలి. మూలచిత్రంలో 10 పిక్సెళ్ల మందం ఉన్న కొమ్మకు స్టాంపు మీద ఒక్క పిక్సెల్ కూడా దక్కదు. చుట్టూ 2 మి.మీ. అంచు వదిలితే చిత్రానికి మిగిలేది 36 × 26 మి.మీ. మాత్రమే. రిజల్యూషన్ రెట్టింపు చేస్తే సరిపోతుందనుకోవద్దు. 30 సెం.మీ. దూరం నుంచి మామూలు కన్ను విడదీసి చూడగలిగేది దాదాపు 0.09 మి.మీ. వరకే. అంతకన్నా సన్నటి వివరం భూతద్దానికి అందుతుంది తప్ప ఉత్తరం అందుకున్న మనిషికి అందదు.

అందుకే మొదటి వడపోతలోనే ఒక పని చేయండి. పోటీలో ఉన్న ప్రతి ఫోటోనూ 36 × 26 మి.మీ. కొలతలో మామూలు ఆఫీసు ప్రింటరు మీద తీసి, కత్తిరించి, కవరు మూలన అంటించండి. చెయ్యి చాచినంత దూరంలో పెట్టి మూడు సెకన్లు చూడండి. ఆ ఫోటోను అంతకుముందు చూడనివారిని పిలిచి ఏం కనిపిస్తోందో అడగండి. చెప్పలేకపోతే ఆ చిత్రం ఎంత గొప్పదైనా గోడకు తగినదే కానీ స్టాంపుకు కాదు. ఈ పరీక్షను చివరికి వాయిదా వేస్తే లాభం లేదు. అప్పటికి తెర మీద గెలిచిన చిత్రాలే బల్ల మీద మిగిలి ఉంటాయి, వాటిని వదులుకోవడానికి ఎవరికీ మనసొప్పదు.

ఈ పరీక్షలో నెగ్గేవాటికి ఒక పోలిక ఉంటుంది. రెండు మూడు పెద్ద వర్ణఖండాలు, వాటి మధ్య స్పష్టమైన ఒక ఆకారం, పక్కనుంచి పడే ఎండ. మంచుకు ఆకృతి ఇచ్చేది నీడే. చలికాలపు సూర్యుడు ఆ పని బాగా చేస్తాడు: 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర డిసెంబరు అయనాంతపు మధ్యాహ్నం కూడా సూర్యుడు దిగంతానికి 6.6 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అక్కడ మీటరు ఎత్తు గుంజకు 8.6 మీటర్ల నీడ పడుతుంది. 45 డిగ్రీల దగ్గర అదే గుంజ నీడ 2.5 మీటర్లు. గాలి చెక్కిన మంచు మడతలు, అడుగుజాడలు, కంచె వరసలు ఈ నీడల వల్లే స్టాంపంత చోటులోనూ చదవడానికి వీలవుతాయి. మబ్బు కమ్మిన రోజున తీసిన ఫోటోలో నేలా ఆకాశమూ ఒకే తెలుపులో కలిసిపోతాయి. పెద్ద ప్రింటులో ఆ నిశ్శబ్దం బాగుంటుంది, మాలో కొందరికి అలాంటివే ఎక్కువ ఇష్టం కూడా. కానీ 36 మి.మీ. వెడల్పులో అది అచ్చుపడని స్టాంపులా ఉంటుంది. మధ్యలో నల్లటి చెట్టో గుడిసో ఏదో ఒక లంగరు ఉంటే తప్ప దాని జోలికి పోవద్దు.

నూగుమంచు పట్టిన సన్నటి రెమ్మలతో నిండిన ఫోటోలను అందరూ ఇష్టపడతారు, స్టాంపు మీద ముందుగా చచ్చేవీ అవే. రెమ్మలన్నీ కలిసి బూడిదరంగు మసకగా మారతాయి. ఇంకా ఖర్మ కాలితే, రెమ్మల వరసలు అచ్చులోని సిరా చుక్కల వరసలతో తగువుపడి లేని అలల నమూనా పుట్టిస్తాయి. రాలుతున్న మంచుదీ ఇలాంటి ఇబ్బందే. సెకనులో 500వ వంతు షట్టరుతో నిలిపిన మంచు పలుకులు స్టాంపులో 0.1 మి.మీ. తెల్ల చుక్కలవుతాయి. చూసేవారు వాటిని మంచు అనుకోరు, ప్లేటు మీద దుమ్ము పడిందనుకుంటారు. సెకనులో 30వ వంతుతో తీసిన గీతలు కాస్త నయం. అసలు దుమ్ము మాట కూడా చెప్పాలి: చిన్న అపెర్చరుతో తీసిన ఆకాశంలో, మంచు మైదానంలో, సెన్సారు మీది దుమ్ము మచ్చలుగా దిగుతుంది. 30 పిక్సెళ్ల మచ్చ స్టాంపు మీద 0.2 మి.మీ. ఉంటుంది. దాన్ని తుడవకపోతే ప్రతి స్టాంపులోనూ అదే చోట వస్తుంది, సేకర్తలు దానికో పేరు పెట్టి కేటలాగులకు ఎక్కిస్తారు.

పోలరైజర్ (ఆకాశాన్ని ముదురు చేసే ఫిల్టరు) వాడిన ఫోటోలను ఇంకోసారి చూడండి. సూర్యుడికి 90 డిగ్రీల దిశలో ఆకాశం బాగా నల్లబడుతుంది, మిగతా దిశల్లో అంతగా కాదు. వైడ్ లెన్సులో ఈ తేడా ఆకాశం మధ్యన ముదురు పట్టీగా కనిపిస్తుంది. స్టాంపు కొలతలో అది సిరా సరిగా పరుచుకోని ప్రెస్సు లోపంలా ఉంటుంది.

ఇక అసలు విషయం, తెలుపు. కొత్తగా పడిన మంచు తన మీద పడే వెలుతురులో 80 నుంచి 90 శాతాన్ని వెనక్కి పంపుతుంది. కెమెరా మీటరుకు ఆ సంగతి తెలియదు, ఎదురుగా ఉన్నది నడిమి బూడిదరంగే అనుకుని లెక్క వేస్తుంది. దాని మాట వింటే మంచు మురికిగా వస్తుంది. అందుకే ఫోటోగ్రాఫర్లు ఒకటి నుంచి రెండు స్టాపుల దాకా (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపు) ఎక్స్‌పోజర్ పెంచుతారు. హద్దు దాటితే ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటిలోనూ విలువ గరిష్ఠమైన 255కి చేరి మంచు కాలిపోతుంది, అక్కడి వివరాన్ని ఇక ఎవరూ తిరిగి తేలేరు. అమెరికన్ ఫోటోగ్రాఫర్లు ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ రూపొందించిన, ఛాయలను మెట్లుగా విడదీసే జోన్ పద్ధతిలో నలుపుకు 0, ఖాళీ కాగితపు తెలుపుకు 10. పక్క ఎండ పడి గరుకుతనం కనిపించే మంచు చోటు 7, 8 మెట్ల దగ్గర. మాకు కావలసింది ఆ మెట్టే. ఎండకు తళుక్కుమనే పలుకుల వరకే 10 చేరాలి. కాబట్టి పోటీకి జేపెగ్ ఫైళ్లు చాలని ప్రకటించకండి. తుది వడపోతకు వచ్చినవారి నుంచి రా ఫైలు (కెమెరా నమోదుచేసిన మూల సమాచారం), దాన్నుంచి తీసిన, ఛాయలు నష్టపోని 16 బిట్ల టిఫ్ ఫైలు రెండూ తీసుకోండి. ఎండలోని మంచు విలువలు 235 నుంచి 245 మధ్య ఉన్నాయా, అక్కడక్కడా తప్ప 255 లేదా అని డిజైనరు స్వయంగా చూడాలి.

నీడల నీలాన్ని దిద్దకండి. ఎండ తగలని మంచుకు వెలుతురిచ్చేది నీలాకాశం ఒక్కటే, అందుకే ఆ నీడ నీలంగా ఉంటుంది. రంగు తేడా వచ్చిందనుకుని డిజైనరు దాన్ని తటస్థం చేస్తే మంచు కాస్తా సున్నపు పొడి అవుతుంది. అలాగని నీలాన్ని పెంచడమూ ప్రమాదమే. నాలుగు రంగుల అచ్చులో నీలం సయాన్ (ఆకాశనీలపు సిరా), మజెంటా (ముదురు గులాబీ సిరా)ల కలయిక. మజెంటా సయానుకు దగ్గరగా వస్తే ఆ నీలం ఊదా రంగుకు తిరుగుతుంది. నీడల్లో సయాన్ 40 శాతం ఉంటే మజెంటాను 20 దగ్గర ఆపండి, అక్కణ్నుంచి ప్రూఫు (ముందస్తు నమూనా అచ్చు) చూసి సవరించుకోవచ్చు.

ఆఫ్‌సెట్‌లో (ప్లేటు మీది సిరాను రబ్బరు పొర ద్వారా కాగితానికి ఎక్కించే అచ్చులో) వెలుతురు భాగాలన్నీ చిన్న చుక్కలతో అచ్చవుతాయి. రెండు మూడు శాతం కన్నా చిన్న చుక్క ప్లేటు మీద నిలవదు, నిలిచినా కాగితం దాకా రాదు. మంచు తెలుపు నెమ్మదిగా 6, 4, 3 శాతానికి తగ్గుతూ పోయి, ఆపైన చుక్కలు ఒక్కసారిగా మాయమవుతాయి. ఆ చోట పటంలోని తీరరేఖ లాంటి గీత ఏర్పడుతుంది. మెత్తగా వంపు తిరగాల్సిన మంచుదిబ్బకు అంచు మొలుస్తుంది. దీనికి మందు ఒకటే. గరుకుతనం ఉన్న అత్యంత తెల్లటి మంచును కూడా సయాన్ 5, మజెంటా 3, పసుపు 3 శాతం దగ్గర నిలపండి, మెరుపులను మాత్రం ఖాళీ కాగితానికి వదలండి. ఇక్కడ సయాన్ కాస్త ఎక్కువ ఉండటం పొరపాటు కాదు. సిరాల స్వభావం వల్ల మూడూ సమానంగా వేస్తే బూడిదరంగు ఎర్రటి గోధుమ వైపు ఒరుగుతుంది. మంచు విషయంలో ఈ తూకం ఎంత సున్నితమంటే, ప్రెస్సు మీద మజెంటా రెండు శాతం పెరిగినా కొండంతా గులాబీ రంగవుతుంది. పచ్చటి అడవి ఫోటోలో ఆ తేడాను ఎవరూ గమనించరు. అందువల్ల మంచు స్టాంపుల షీటు అంచుల్లో బూడిదరంగు పరీక్షపట్టీ తప్పనిసరిగా పెట్టించండి, ప్రెస్సు నడుస్తున్నంతసేపూ దాన్ని కొలుస్తూ ఉండమనండి.

ముదురు వైపు ఇందుకు తిరగబడిన సమస్య. సిరా కాగితంలోకి పాకి చుక్క ఉబ్బుతుంది. ప్లేటు మీద 50 శాతం ఉన్నది కాగితం మీద 65, 70 దాకా పోతుంది. దేవదారు చెట్ల నీడలన్నీ ఒక్క నల్లముద్దవుతాయి. ఆ మేరకు నడిమి ఛాయలను ముందే తేలిక చేసి పంపాలి. పదును పెట్టడం కూడా చిత్రాన్ని తుది కొలతకు కుదించాకే చేయాలి. పెద్ద చిత్రానికి పదును పెట్టి తర్వాత కుదిస్తే ఆ పదును మాయమవుతుంది. అతిగా పెడితే ఆకాశానికీ శిఖరానికీ మధ్య తెల్లగీత వెలుస్తుంది, అది మంచో అచ్చు దోషమో తేల్చుకోలేం.

కాగితం గురించి చాలామంది ఆలోచించరు. స్టాంపులను యంత్రాలు గుర్తుపట్టడానికి అతినీల కాంతి కింద మెరిసే ఫాస్ఫర్ పూత వాడే చోట్ల, ఆ మెరుపుకు అడ్డురాకుండా, తెల్లదనం పెంచే రసాయనాలు లేని కాగితం ఎంచుతారు. అది కాస్త పాలమీగడ రంగులో ఉంటుంది. ప్రూఫు మాత్రం నీలంగా మెరిసే ఆఫీసు కాగితం మీద తీస్తారు. ప్రూఫులో చల్లగా ఉన్న మంచు, స్టాంపులో వెచ్చబడుతుంది. ప్రూఫు అసలు కాగితం మీదే తీయించండి, 5000 కెల్విన్ ప్రామాణిక దీపం కింద చూడండి. ఫాస్ఫర్ పట్టీలను ముదురు ఆకాశం మీదుగా పోనివ్వకండి, ఏటవాలు వెలుతురులో అవి గాజుపట్టీల్లా తేలతాయి.

నలుపు తెలుపు ఫోటో ఎంచుకుంటే మేము మరీ సంతోషిస్తాం. 2024లో అమెరికా తపాలా సేవ ఆన్సెల్ ఆడమ్స్ ఫోటోలు 16 ఒకే షీటుగా వేసింది. రంగు లేకపోయినా ప్రకృతి దృశ్యం స్టాంపు మీద నిలుస్తుందనడానికి అది చాలు. అయితే నలుపు తెలుపును నాలుగు సిరాలతో అచ్చువేయకండి. ఒక రంగు కాస్త పక్కకు జరిగినా ఒక షీటు ఆకుపచ్చగా, ఇంకోటి ఎర్రగా వస్తుంది. నలుపు, చల్లటి బూడిదరంగు కలిపి రెండు సిరాల పద్ధతి వాడండి. వెలుతురు ఛాయలను బూడిద సిరా మోస్తుంది, కాబట్టి అక్కడ చుక్కలు పెద్దవిగా ఉండి నిలుస్తాయి. రంగు ఫోటోకు కూడా ఐదో సిరాగా లేత బూడిద చేర్చే స్తోమత మీ ప్రెస్సుకు ఉంటే మా అభిప్రాయంలో ఆ ఖర్చు మెరుపు సిరాల మీద పెట్టే ఖర్చు కన్నా ఎన్నో రెట్లు మేలు. గ్రావ్యూర్‌లో (గుంటలు చెక్కిన సిలిండరుతో వేసే అచ్చులో) ఛాయల మెత్తదనం బాగుంటుంది, కానీ కాగితం నున్నగా లేకపోతే లేత భాగాల్లో చుక్కలు ఎగిరిపోతాయి. మంచులో అవన్నీ గుంటల్లా కనిపిస్తాయి.

మెరుపులు, ఉబ్బెత్తు వార్నీషులు, గీకితే వాసనొచ్చే పూతలు వద్దు. వార్నీషు మీద రద్దు ముద్ర (వాడిన స్టాంపు మీద తపాలావారు కొట్టేది) సిరా ఇంకదు, చెరిగిపోతుంది. విషయానికి అవసరమైతే వేరు: 2017లో అమెరికా తెచ్చిన సంపూర్ణ సూర్యగ్రహణం స్టాంపు మీద వేలు పెడితే నల్ల బిళ్ళలోంచి చంద్రుడు తేలేవాడు. అక్కడ వేడికి మారే సిరాకు ఒక అర్థముంది. మంచు మీద జరీపొడికి ఏ అర్థమూ లేదు.

అక్షరాల గురించి కొంచెం. దేశం పేరు, వెల రెండూ చూడగానే చదవగలిగేలా ఉండాలి. మంచు మీద తెల్లక్షరాలు కనబడవు. ఆకాశంలో తెల్లక్షరాలు చెక్కితే, నాలుగు సిరాల్లో ఏది 0.1 మి.మీ. జరిగినా సన్నటి గీతలు పూడుకుపోతాయి. ముదురు నీలమో నలుపో ఒక్క సిరాతో, మంచు ఖాళీగా ఉన్న చోట వేయండి. ఆ ఖాళీ ఫోటోలో మొదటినుంచీ ఉండాలి. తర్వాత కొండను కిందికి జరిపి చోటు చేయడం కుదరదు, చేయకూడదు కూడా. తెల్ల అంచుకు ఆనుకుని మంచు ఉంటే చిత్రం ఎక్కడ ముగిసిందో తెలియదు. అలాంటప్పుడు చుట్టూ సన్నటి బూడిద గీత ఇవ్వండి, లేదా అంచు లేకుండా చిల్లుల దాకా చిత్రాన్ని పోనివ్వండి. రెండో దారి పడితే, చిల్లులు కొద్దిగా పక్కకు జరగడం మామూలే కాబట్టి, ముఖ్యమైనదేదీ అంచు నుంచి 2 మి.మీ. దూరంలోపు ఉంచకండి. ఒకే దృశ్యాన్ని పక్కపక్క నాలుగు స్టాంపులుగా విడదీసే సె-టెనెంట్ పద్ధతి మంచు కొండల వరసకు బాగా కుదురుతుంది. శిఖరం మీదుగా చిల్లులు పోకుండా, విడిగా చించినప్పుడు కూడా ప్రతి ముక్కలో ఒక ఆకారం మిగిలేలా కోతలు నిర్ణయించాలి.

మంచు స్టాంపుకు ఒక సహజమైన అనుకూలత ఉంది, రద్దు ముద్ర దాని మీద చక్కగా కనిపిస్తుంది. 1840లో వచ్చిన తొలి తపాలా బిళ్ళ పెన్నీ బ్లాక్‌కు ఆ భాగ్యం లేకపోయింది. నలుపు మీద ఎర్ర ముద్ర సరిగా కనిపించక, దాన్ని చెరిపి మళ్లీ వాడతారన్న భయంతో, 1841లోనే ఎర్రరంగు పెన్నీకి మారాల్సి వచ్చింది. అందుచేత ఉత్తర ధ్రువకాంతులు, రాత్రి ఆకాశం ఉన్న చిత్రం ఎంచుకుంటే కింద మూడో వంతైనా వెలుతురు మంచు ఉండేలా చూడండి.

సవరణల హద్దు ముందే రాసి ఇవ్వండి. అమెరికాకు చెందిన విల్సన్ బెంట్లీ 1885లో వెర్మాంట్‌లోని జెరికోలో మంచు స్ఫటికాన్ని సూక్ష్మదర్శిని ద్వారా ఫోటో తీశాడు, ఆ తర్వాత జీవితకాలంలో 5000 పైచిలుకు తీశాడు. నేపథ్యం నల్లగా రావడానికి నెగెటివ్ నకలు మీద స్ఫటికం చుట్టూ ఉన్న పొరను గీకి తీసేసేవాడు. స్ఫటికం అసలు ఆకారాన్ని చూపడానికే ఆ శ్రమంతా. మా గీత కూడా అక్కడే: దుమ్ము తుడవడం, ఛాయలు సరిచేయడం సరే. లేని చంద్రుణ్ణి, ఇంకో ఫోటోలోని జింకను తెచ్చి అతికించడం, కృత్రిమ మేధతో మంచు పుట్టించడం ఫోటోగ్రఫీని గౌరవించే స్టాంపులో చెల్లదు. డిజైను కోసం ఫోటోను అద్దంలోలా తిప్పేయకండి. శిఖరాన్ని ఎరిగినవారు వెంటనే పట్టుకుంటారు, రాత్రి ఆకాశమైతే తిరగబడిన మృగశిర నక్షత్రమండలం మరీ దొరికిపోతుంది. అలంకారానికి మంచు స్ఫటికం బొమ్మ వేస్తే దానికి ఆరు చేతులుండాలి. ఎనిమిది చేతులవి పండగ అలంకారాల్లో తిరుగుతుంటాయి, ఆకాశంలోంచి మాత్రం రావు.

హక్కుల విషయంలో అలసత్వం చాలా ఖరీదైనది, అందులోనూ ఒక మంచు ఫోటోదే పెద్ద పాఠం. 2003లో అమెరికా తపాలా సేవ వేసిన 37 సెంట్ల స్టాంపు మీద, వాషింగ్టన్‌లోని కొరియా యుద్ధ స్మారకంలోని సైనికుల శిల్పాలు మంచు కప్పుకుని ఉన్న ఫోటో ఉంది. ఫోటోగ్రాఫరు జాన్ అల్లీకి 1500 డాలర్లిచ్చి అనుమతి తీసుకున్నారు. శిల్పి ఫ్రాంక్ గేలార్డ్‌ను అడగలేదు. ఆయన దావా వేశాడు. మంచు, మసక రంగులు కలిసి శిల్పాన్ని వేరే కళారూపంగా మార్చాయన్న వాదనను 2010లో అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు. చివరికి 2013లో కోర్టు దాదాపు 6,85,000 డాలర్ల పరిహారం నిర్ణయించింది. చట్టాలు ఒక్కో దేశంలో ఒక్కో రకం. కానీ ఫోటోలో శిల్పం, కొత్త కట్టడం, ఎవరిదైనా గుర్తుపట్టగల ఇల్లు ఉంటే వారి అనుమతి కూడా ఫైల్లో ఉండాలని నియమం పెట్టుకోవడం ఎక్కడైనా మంచిదే. ఫోటో ఎక్కడిదో కూడా తీసినవారి నోటనే తేల్చుకోండి. 2010 చివర్లో వచ్చిన స్వేచ్ఛా ప్రతిమ స్టాంపు మీది ముఖం న్యూయార్క్‌ది కాదు, లాస్ వేగాస్‌లోని నకలుది. స్టాక్ ఫోటో తీసుకున్నప్పుడు ఎవరూ పోల్చుకోలేదు. ఆ నకలు శిల్పికి 2018లో కోర్టు 35 లక్షల డాలర్లు ఇప్పించింది. మంచు కప్పితే కొండలన్నీ మరింత దగ్గర పోలికలో ఉంటాయి, ఈ జాగ్రత్త ఇక్కడ రెండింతలు అవసరం.

ఫోటోగ్రాఫరుతో ఒప్పందంలో స్టాంపు, మొదటిరోజు కవరు, మినియేచర్ షీటు (స్టాంపు ఉన్న చిన్న అలంకార షీటు), అమ్మకపు వస్తువులు వేటికవి విడిగా రాయండి. వారి పేరు షీటు అంచులో మాత్రమే వేస్తే చించిన స్టాంపుకు ఆ పేరు దక్కదు. ఫోటోగ్రఫీకే అంకితమైన స్టాంపులో పేరు చిత్రం కిందే, నాలుగు పాయింట్ల అక్షరాల్లోనైనా ఉండాలి. 2006లో వచ్చిన మంచు స్ఫటికాల స్టాంపుల ఫోటోలు భౌతికశాస్త్రవేత్త కెనెత్ లిబ్రెక్ట్‌వని సేకర్తలు వెతుక్కుని తెలుసుకుంటారు, మామూలు వాడుకరి వెతకడు కదా.

చివరిగా కాలపట్టిక. దక్షిణార్ధగోళంలో చలికాలం జూన్ నుంచి ఆగస్టు వరకు, విడుదల తేదీని ఆ లెక్కన పెట్టుకోండి. ఫోటోల పిలుపు విడుదలకు కనీసం రెండు చలికాలాల ముందు ఇవ్వండి. అలా అయితే పిలుపు చూసి తీసినవి కూడా వస్తాయి, పాత స్టాకు ఒక్కటే కాదు. ప్రెస్సు మొదలయ్యే రోజు ఫోటోగ్రాఫరును పిలవండి, రాలేకపోతే ప్రెస్సు మీంచి తీసిన మొదటి పూర్తి షీటు పంపండి, తెరమీది నకలు కాదు. ఆ షీటులో చూడవలసినవి వారికి తెలుసు: నాలుగు మూలల్లోని స్టాంపుల్లో మంచు ఒకే రంగులో ఉందా, తెలుపు ఎక్కడైనా గీతగా తెగిందా, నీడల్లో నీలం ఊదాకు తిరిగిందా, దిశ తిరగబడిందా. వారి సంతకం వచ్చేదాకా మిగతా షీట్లు నడపకండి.

ఇట్లు,
మంచు దృశ్యాల ఫోటోగ్రాఫర్లు, ముద్రణ పనివారు, తపాలా బిళ్ళల సేకర్తలు కొందరు